రెండు నెట్‌లు, ఒక రూటర్: ఫెయిలోవర్ పెట్టుకోవాలా, లోడ్ బ్యాలెన్సింగా?

ఇంట్లో ఒక ఫైబర్ కనెక్షన్ ఉంది. నెలలో రెండు మూడుసార్లు పోతుంది, అదీ సరిగ్గా ఆఫీసు మీటింగ్ నడుస్తున్నప్పుడే. విసిగిపోయి రెండో కనెక్షన్ తీసుకున్నారు, లేదా తీసుకుందామని చూస్తున్నారు. ఆ రెండింటినీ ఒకే రూటర్‌కి ఎలా పెట్టాలి? షాపులో అడిగితే "డ్యుయల్ వాన్ రూటర్ తీసుకోండి సార్, రెండు నెట్‌లూ కలిసిపోతాయి" అంటారు. డ్యుయల్ వాన్ అంటే బయటి నుంచి వచ్చే నెట్ లైన్లు రెండు పెట్టుకోగలది. ఆ మాటలో సగమే నిజం.

తెలిసినవాళ్ల ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఈ సెటప్ చాలాసార్లు చేశాను. ప్రతిచోటా రూటర్ బ్రాండ్ కంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండు ఉంటాయి. రెండో లైను ఏ దారిన వస్తోంది? మొదటి లైను పోయిందని రూటర్‌కి ఎలా తెలుస్తుంది? ఈ రెండూ కుదిరితే మామూలు రూటర్‌తోనే పని జరిగిపోతుంది. కుదరకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్నా అవసరానికి ఆదుకోదు.

## రెండు మాటలకూ తేడా

ఫెయిలోవర్‌లో ఒక లైను పని చేస్తుంటుంది, రెండోది సిద్ధంగా ఉంటుంది. కరెంటు పోగానే ఇన్వర్టర్ అందుకున్నట్టు, మొదటి లైను పోతే రెండోది అందుకుంటుంది.

లోడ్ బ్యాలెన్సింగ్‌లో రెండు లైన్లూ ఎప్పుడూ పని చేస్తుంటాయి. లోపలి నుంచి వెళ్లే కనెక్షన్లను రూటర్ కొన్ని ఇటు, కొన్ని అటు పంచుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 100 ఎంబీపీఎస్ లైను, 50 ఎంబీపీఎస్ లైను కలిస్తే 150 వస్తుందనుకుంటారు. టోల్‌గేట్ దగ్గర రెండు కౌంటర్లు తెరిస్తే వాహనాలు త్వరగా కదులుతాయి, కానీ ఒక్కో కారు ఒక్క కౌంటర్ నుంచే కదా వెళ్లేది. ఇదీ అంతే. ఒక కనెక్షన్ మొదలైన లైనులోనే చివరిదాకా నడుస్తుంది. ఒక పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెడితే 100 వేగం రావచ్చు, 50 రావచ్చు, 150 మాత్రం రాదు. స్పీడ్ టెస్ట్ సైట్లు ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తాయి కాబట్టి అక్కడ 150 కనిపించవచ్చు. అది చూసి మురిసిపోయి, తర్వాత ఫైలు దిగడం లేదని ఫోన్ చేసినవాళ్లు నాకు తెలుసు. పదిమంది ఒకేసారి వాడే ఆఫీసులో, హాస్టల్లో ఆ పంపకం నిజంగా పనికొస్తుంది. నలుగురున్న ఇంట్లో తేడా పెద్దగా తెలియదు.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ఎంతసేపు ఆగితే ఫర్వాలేదు? లైను మారడం రెప్పపాటులో జరగదు. రూటర్ కొన్ని పింగ్‌లు (ఉన్నావా అని అడిగే చిన్న సందేశాలు) పంపి, జవాబు రాలేదని నిర్ధారించుకుని అప్పుడు మారుస్తుంది. మామూలు సెట్టింగులతో 10 నుంచి 30 సెకన్లు అనుకోండి. మారగానే బయటికి కనిపించే ఐపీ అడ్రస్ మారుతుంది కాబట్టి నడుస్తున్న కనెక్షన్లు తెగుతాయి. వీడియో కాల్ ఆగి మళ్లీ కలుస్తుంది. యూట్యూబ్ చూస్తున్నవాళ్లకు బఫర్ ఉంటుంది కనుక తెలియకపోవచ్చు. ఆఫీసు వీపీఎన్ మళ్లీ లాగిన్ అడగవచ్చు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వాడే ఆఫీసైతే ఐపీ మారినా అదే అందుకుంటుంది. ఆ అర నిమిషం కూడా ఆగకూడని పని ఇళ్లలో దాదాపు ఉండదు.

రెండు లైన్లూ వేర్వేరు దారుల్లో వస్తున్నాయా? ఒక చిన్న లెక్క చూడండి. ఒక కనెక్షన్ నూటికి 99 పాళ్లు పని చేస్తుందనుకుందాం. ఆ మిగిలిన ఒక పాలు ఏడాదికి దాదాపు 88 గంటలు. అలాంటివే రెండు ఉండి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పాడవుతుంటే, రెండూ ఒకేసారి పోయే సమయం ఏడాదికి గంటకన్నా తక్కువ, దాదాపు 53 నిమిషాలు. 88 గంటల నుంచి 53 నిమిషాలకు! రెండో కనెక్షన్‌కి డబ్బు పెట్టడంలో అర్థం ఇదే. కానీ ఈ లెక్క "సంబంధం లేకుండా" అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది.

మన ఊళ్లలో ఫైబర్లు ఎక్కువగా వచ్చేది కరెంటు స్తంభాల మీద నుంచే. నాలుగు కంపెనీల కేబుళ్లు ఒకే స్తంభానికి చుట్టలు చుట్టలుగా వేలాడుతుంటాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించుకుంటూ వెళ్లారు, నగరంలో చాలాచోట్ల నెట్ పోయింది. అలాంటప్పుడు రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్లు ఉన్న ఇంట్లో కూడా ఒక్క దెబ్బకు రెండూ పోతాయి. ఎత్తుగా లోడు వేసుకుని వీధిలోకి వచ్చిన లారీ చాలు, అదే పని చేస్తుంది. అందుకే కొత్త కనెక్షన్‌కి సంతకం పెట్టే ముందు బాల్కనీలోంచి ఒకసారి చూడండి. పాత కేబుల్ ఏ స్తంభం నుంచి వస్తోంది? కొత్తది ఎటు నుంచి లాగుతారు?

దారి ఒక్కటే కాదు, కంపెనీ కూడా వేరైతే మంచిది. కెనడాలో 2022 జులై 8న రోజర్స్ నెట్‌వర్క్ మొత్తం కూలిపోయింది. అక్కడ ఇంటి నెట్, మొబైల్ రెండూ అదే కంపెనీవి పెట్టుకున్నవాళ్లకు రెండూ ఒకేసారి పోయాయి. టొరంటో చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి ఆ రోజు బాగా గుర్తుండే ఉంటుంది.

లైను పోయిందని రూటర్‌కి ఎలా తెలుస్తుంది? అన్నిటికంటే నేను పట్టుబట్టేది ఇక్కడ. మా ఇంట్లోనే జరిగింది చెప్తాను. ఒక సాయంత్రం నెట్ పోయింది. గోడకు బిగించిన ఫైబర్ డబ్బా దగ్గరికి వెళ్లి చూస్తే లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి. ఫైబర్ తెగితే ఎర్రగా వెలగాల్సిన ఎల్‌ఓఎస్ లైటు వెలగలేదు. తెగింది మా వీధిలో కాదు, ఆ కంపెనీ నుంచి పైకి వెళ్లే దారిలో. మా రూటర్‌కి కేబుల్ కరెక్టుగానే ఉంది, కంపెనీ గేట్‌వే (మన లైను ముందుగా చేరే కంపెనీ పరికరం) పింగ్‌కి జవాబిస్తోంది. దాని లెక్కలో అంతా బాగానే ఉంది. పక్కనే 4జీ డాంగుల్ పని లేకుండా ఉంది. మా ఆవిడ ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆపి వచ్చి, "రెండు నెట్‌లు పెట్టించావు కదా, రెండోది ఏదీ?" అని అడిగింది. నలభై నిమిషాల తర్వాత నేను చేత్తో మార్చేదాకా రాలేదు.

ఆ రోజు నుంచి నా నియమం ఒక్కటే. రూటర్ పింగ్ చేయాల్సింది గేట్‌వేని కాదు, దాన్ని దాటి బయట ఉన్న అడ్రస్‌ని. గూగుల్ వారి 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1, క్వాడ్9 వారి 9.9.9.9 అందరూ వాడేవి. ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2025లో జులై 15 తెల్లవారుజామున, మన టైము ప్రకారం మూడున్నర నుంచి దాదాపు గంటసేపు, 1.1.1.1 ప్రపంచమంతటా పలకలేదు. దాన్ని ఒక్కదాన్నే చూస్తున్న రూటర్లు బాగున్న లైన్లను కూడా పోయాయని తీర్మానించుకుని ఉంటాయి. రెండు అడ్రస్‌లు పెట్టి, రెండూ పలకకపోతేనే లైను పోయినట్టు లెక్క వేయించండి.

సెషన్, అంటే ఒకసారి చేసిన లాగిన్, నిలుస్తుందా? ఇది లోడ్ బ్యాలెన్సింగ్ పెట్టేవాళ్ల కోసం. ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో నేను రెండు ఫైబర్లు కలిపి సగం సగం పంచేలా పెట్టాను. మర్నాడు పొద్దున్నే రిసెప్షన్ నుంచి ఫోన్. "అన్నా, రిపోర్టు ఎక్కిస్తుంటే మళ్లీ లాగిన్ అడుగుతోంది. పొద్దుట్నుంచి ఇది ఏడోసారి." వాళ్ల సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌లో ఉంది. లాగిన్ ఒక ఐపీ నుంచి, తర్వాతి క్లిక్ ఇంకో ఐపీ నుంచి వెళ్తుంటే ఆ సర్వర్ ఎవరో వేరేవాళ్లనుకుని బయటికి నెట్టేస్తోంది. బ్యాంకు సైట్లు, ప్రభుత్వ పోర్టళ్లు కూడా చాలావరకు ఇలాగే చేస్తాయి, అవి అలా చేయడం సబబే. ఒక కంప్యూటర్ నుంచి ఒక సైటుకి వెళ్లే ట్రాఫిక్ అంతా ఒకే లైనులో ఉంచే సదుపాయం మీ రూటర్‌లో లేకపోతే లోడ్ బ్యాలెన్సింగ్ జోలికి వెళ్లకండి.

బయటి నుంచి లోపలికి రావాలా? సీసీ కెమెరాలకు పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి నేరుగా కెమెరాకి దారి ఇచ్చే సెట్టింగు) పెట్టుకున్నవాళ్లు ఇది చూసుకోవాలి. మొబైల్ నెట్‌వర్కుల్లో, చాలా లోకల్ కేబుల్ కనెక్షన్లలో మీకంటూ పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల అడ్రస్) ఉండదు. రూటర్‌లో కనిపించే వాన్ ఐపీ 10తో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా అదే సంగతి. ఫెయిలోవర్ ఆ లైనుకి మారినప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ పని చేయదు. కెమెరా కంపెనీ యాప్ ద్వారా చూసేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు.

కరెంటు. ఫైబర్ డబ్బా, రూటర్, 4జీ పరికరం మూడూ యూపీఎస్ మీద ఉండాలి. చిన్న 12 వోల్టుల మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనేముందు ఒక్కో అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చదవండి.

## రెండో లైను ఏది తీసుకోవాలి?

మరో కంపెనీ ఫైబర్. వేగం బాగుంటుంది, డేటా గురించి టెన్షన్ ఉండదు. లోడ్ బ్యాలెన్సింగ్ చేయాలంటే దాదాపు ఇదే సరైన జోడీ. స్తంభం ఒకటే అయితే మాత్రం పైన చెప్పిన కష్టం ఉండనే ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో ఒక కంపెనీ కేబుల్ భూమిలోంచి సెల్లార్‌లోకి, ఇంకోటి టెర్రస్ మీద నుంచి డక్ట్‌లోకి వచ్చే చోట్లున్నాయి. అలాంటి చోట కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

ఎయిర్‌ఫైబర్ రకం 5జీ కనెక్షన్. టెర్రస్ మీద డబ్బా పెట్టి టవర్ నుంచి సిగ్నల్ తీసుకుంటుంది. జియో ఎయిర్‌ఫైబర్ 2023 సెప్టెంబర్‌లో 8 నగరాల్లో మొదలైనప్పుడు అందులో హైదరాబాద్ ఉంది. ఫైబర్‌కి తోడుగా నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే, ఎందుకంటే వీధిలో తెగడానికి కేబులే లేదు. సాయంత్రాలు టవర్ మీద రద్దీ పెరిగితే వేగం తగ్గుతుంది. అయినా బ్యాకప్‌కి ఎంత కావాలి? రెండు వీడియో కాల్స్‌కి 10 ఎంబీపీఎస్ చాలు.

4జీ డాంగుల్ లేదా సిమ్ వేసే రూటర్. ఖర్చు తక్కువ. ఏడాదిలో కొన్ని గంటలే కావాలనుకునేవాళ్లకు సరిపోతుంది. ఇక్కడ చూసుకోవాల్సింది డేటా. రోజుకు 2 జీబీ ప్లాన్ వేసి టీవీలో హెచ్‌డీ సినిమా పెడితే గంటకు 3 జీబీ దాకా లాగేస్తుంది. లైను మారిన సంగతి టీవీకి తెలియదు, అది తన పని తాను చేసుకుపోతుంది. తీరా మీకు మీటింగ్ ఉన్న టైముకి ఆ రోజు కోటా అయిపోతుంది. కాబట్టి టీవీ, కెమెరాలు, ఫోటోల బ్యాకప్ ఈ లైనులోకి రాకుండా రూలు పెట్టగల రూటర్ కావాలి. ఇలాంటి సిమ్‌ని లోడ్ బ్యాలెన్సింగ్‌లో ఎప్పుడూ పెట్టకండి.

ఫోన్ హాట్‌స్పాట్. ఒక్కరే ఉండి, ల్యాప్‌టాప్ ఒక్కటే అయితే దీనికి మించింది లేదు. పైసా ఖర్చు లేదు, మార్చడానికి పది సెకన్లు. ఇది చాలినవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు.

విశాఖ, శ్రీకాకుళం, నెల్లూరు లాంటి తీరప్రాంతాల వాళ్లకు ఇంకో మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు స్తంభాలు కూలాయి, కేబుళ్లు తెగాయి, సెల్ టవర్లూ మూగబోయాయి. అంత పెద్ద తుఫానుకి ఈ సెటప్ ఏదీ తట్టుకోదు. ఇది రోజువారీ తెగుళ్లకు మందు. తుఫాను హెచ్చరిక వస్తే ఆఫీసుకి ముందే చెప్పుకోవడం మేలు.

## రూటర్లు

| రకం | ఫెయిలోవర్ | లోడ్ బ్యాలెన్సింగ్ | 4జీ డాంగుల్ | వైఫై | మన శ్రమ |
|---|---|---|---|---|---|
| ఏసస్ డ్యుయల్ వాన్ మోడళ్లు | ఉంది, సులువు | ఉంది, మామూలుగా | యూఎస్‌బీ ఉన్న చాలా మోడళ్లలో | ఉంది | తక్కువ |
| టీపీ-లింక్ ఈఆర్605 | ఉంది, సులువు | బాగుంది | వెర్షన్ 2లో | లేదు | తక్కువ |
| మైక్రోటిక్ హెక్స్ | చాలా బాగుంది | చాలా బాగుంది | యూఎస్‌బీ పోర్టు ఉంది | లేదు | ఎక్కువ |
| ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, ఎంవాన్3తో | చాలా బాగుంది | చాలా బాగుంది | ప్యాకేజీలు వేసుకోవాలి | రూటర్‌ని బట్టి | ఓ మోస్తరు |
| పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ | చాలా బాగుంది | చాలా బాగుంది | ఈథర్‌నెట్ ఉన్న 4జీ రూటర్ మేలు | విడిగా పెట్టాలి | ఓ మోస్తరు |

ఏసస్. వైఫైతో సహా అన్నీ ఒకే పెట్టెలో కావాలనుకునే ఇంటికి. డ్యుయల్ వాన్ పేజీలో ఫెయిల్ ఓవర్ మోడ్ ఎంచుకుని, అక్కడే ఉన్న నెట్‌వర్క్ మానిటరింగ్‌లో పింగ్ ఆన్ చేయండి. అది ఆన్ చేయకపోతే నా ఇంట్లో జరిగిందే మీ ఇంట్లోనూ జరుగుతుంది. మొదటి లైను తిరిగి రాగానే దాని మీదికి మళ్లడానికి ఫెయిల్‌బ్యాక్‌కి కూడా టిక్ పెట్టాలి. లోడ్ బ్యాలెన్స్ మోడ్ ఇందులో పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

టీపీ-లింక్ ఈఆర్605. చిన్న ఆఫీసుకి, ల్యాబుకి, రెండు ఫైబర్లున్న ఇంటికి నేను ముందు చెప్పే పేరు ఇదే. గిగాబిట్ పోర్టులు ఐదు, వాటిలో మూడింటిని వాన్‌గా వాడుకోవచ్చు. వైఫై లేదు కాబట్టి మీ పాత రూటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా (వైఫై మాత్రమే ఇచ్చేలా) మార్చి దీని వెనక పెట్టాలి. లోడ్ బ్యాలెన్సింగ్ పేజీలో అప్లికేషన్ ఆప్టిమైజ్డ్ రౌటింగ్ అని ఒక టిక్ ఉంటుంది. ఒక కంప్యూటర్ నుంచి ఒక సైటుకి వెళ్లేవన్నీ ఒకే లైనులో ఉంచేది అదే. బ్యాండ్‌విడ్త్ ప్రకారం పంచే టిక్ పెడితే, వాన్ సెట్టింగుల్లో రెండు లైన్ల అసలు వేగాన్ని నింపడం మరచిపోవద్దు, లేకపోతే పంపకం తప్పుతుంది. బ్యాకప్ మాత్రమే కావాలంటే లింక్ బ్యాకప్ పేజీ, బయటి అడ్రస్‌ని పింగ్ చేయడానికి ఆన్‌లైన్ డిటెక్షన్ పేజీ. ఈ నాలుగైదు చోట్లు సరిచూసుకుంటే చాలు.

మైక్రోటిక్ హెక్స్. నెట్‌వర్కింగ్ నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్లకు. చిన్న డబ్బా, తక్కువ కరెంటు తాగుతుంది, చేయలేని పని లేదు. కానీ ప్రతిదీ మీరే రాసుకోవాలి. రెండు డీఫాల్ట్ రూట్లు (నెట్‌కి వెళ్లే దారులు) వేసి ఒకదానికి డిస్టెన్స్ (వరుస సంఖ్య, చిన్నది ముందు) 1, ఇంకోదానికి 2 ఇచ్చి, చెక్-గేట్‌వే పింగ్ పెడితే ఫెయిలోవర్ అయిపోయిందనుకుంటారు. అది పింగ్ చేసేది మళ్లీ పక్కనున్న గేట్‌వేనే. బయటి అడ్రస్‌ని చూడాలంటే రికర్సివ్ రూట్లు వాడాలి. 8.8.8.8కి దారి మొదటి లైను గేట్‌వే నుంచి అని ఒక రూటు రాసి, డీఫాల్ట్ రూటుకి గేట్‌వేగా 8.8.8.8నే ఇవ్వడం, స్కోప్, టార్గెట్ స్కోప్ సరిపోయేలా చూసుకోవడం. పది సెకన్లకోసారి పింగ్ చేసి, రెండుసార్లు జవాబు రాకపోతే ఆ రూటు పడిపోతుంది.

ఇందులో దాగున్న చిక్కు ఒకటుంది. అలా కాపలాకి పెట్టిన 8.8.8.8 మొదటి లైనుకే కట్టుబడి ఉంటుంది. మీ ఇంట్లో ఫోన్లకు డీఎన్ఎస్‌గా (సైటు పేరుకి ఐపీ అడ్రస్ చెప్పేదిగా) కూడా అదే ఇచ్చి ఉంటే, మొదటి లైను పోగానే రెండో లైను బాగున్నా ఒక్క సైటూ తెరుచుకోదు. కాపలాకి ఒక అడ్రస్, డీఎన్ఎస్‌కి వేరొకటి పెట్టుకోండి. లోడ్ బ్యాలెన్సింగ్‌కి పీసీసీ వాడతారు. ఎంచుకున్న అడ్రస్‌లు, పోర్టుల మీద లెక్క కట్టి కనెక్షన్లను వాటాలుగా విడగొడుతుంది. 100, 50 లైన్లయితే మూడు వాటాలు చేసి రెండు ఇటు, ఒకటి అటు. లెక్కలో లోపలి కంప్యూటర్ అడ్రస్, బయటి సైటు అడ్రస్ రెండే ఇస్తే సెషన్లు తెగవు. పోర్టులు కూడా కలిపితే ల్యాబులో పడ్డ ఇబ్బందే మళ్లీ వస్తుంది. అలా మార్క్ చేసిన కనెక్షన్లకు ఫాస్ట్‌ట్రాక్ (ట్రాఫిక్‌ని త్వరగా దాటించే అడ్డదారి) తగలకుండా చూడండి. అది మార్క్ చేసే మాంగిల్ రూల్స్‌ని దాటవేస్తుంది, అప్పుడు పంపకం ఒక తీరున ఉండదు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. రూటర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే సాఫ్ట్‌వేర్ ఇది. ఇప్పటికే దీన్ని వేసుకున్న రూటర్ ఉంటే కొత్తది కొనక్కర్లేదు. ఎంవాన్3 ప్యాకేజీలో ఒక్కో లైనుకి మెట్రిక్ (వరుస), వెయిట్ (వాటా) ఇస్తారు. మెట్రిక్ వేరైతే ఫెయిలోవర్, ఒకటే అయితే వెయిట్ ప్రకారం పంపకం. ఏ పరికరం ఏ లైనులో వెళ్లాలో రూలు రాయవచ్చు. 4జీ మీదికి టీవీ రాకుండా ఆపడం ఇందులో హాయిగా కుదురుతుంది. స్టికీ అన్న ఆప్షన్ సెషన్లను నిలుపుతుంది.

పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్. పీసీని రూటర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్లు ఇవి. ఇరవై ముప్పై మంది పనిచేసే ఆఫీసుకి, రెండు మూడు నెట్‌వర్క్ పోర్టులున్న మినీ పీసీ మీద. గేట్‌వే గ్రూపులో మొదటి లైను టైర్ 1, రెండోది టైర్ 2. రెండూ ఒకే టైర్‌లో వేస్తే లోడ్ బ్యాలెన్సింగ్. లైను పూర్తిగా పోయినప్పుడే కాక, ప్యాకెట్లు పోతున్నా, ఆలస్యం పెరిగినా మార్చమని చెప్పవచ్చు. లైను చావకుండా ఈడుస్తున్నప్పుడు ఇది ఎంతో మేలు చేస్తుంది. ఇంటికి మాత్రం ఇది ఎక్కువే.

## ఎవరికి ఏది?

ఇంటి నుంచి పనిచేసే దంపతులు, బడికెళ్లే పిల్లలు: ఒక ఫైబర్, వేరే కంపెనీ 5జీ లేదా 4జీ, ఫెయిలోవర్ మాత్రమే. ఏసస్ చాలు, ఈఆర్605 ఇంకా మంచిది. లోడ్ బ్యాలెన్సింగ్ వద్దు.

కిరాణా, మందుల షాపు: ముందు ఏవి నెట్ మీద ఆధారపడ్డాయో చూసుకోండి. యూపీఐ సౌండ్‌బాక్స్‌కి, చాలా స్వైపింగ్ మెషీన్లకు వాటి సిమ్ వాటికే ఉంటుంది. బిల్లింగ్ కంప్యూటర్ ఒక్కటే మిగిలితే ఫోన్ హాట్‌స్పాట్‌తో సర్దుకోవచ్చు.

ల్యాబులు, కోచింగ్ సెంటర్లు, చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులు: రెండు ఫైబర్లు, కుదిరితే మూడోదిగా సిమ్. ఇక్కడ మధ్యేమార్గం ఒకటి ఉంది, ఆ ల్యాబులో చివరికి నేను పెట్టింది అదే. పంపకాన్ని రూటర్‌కి వదలకుండా మనమే పంచేయడం. రిసెప్షన్, రిపోర్టుల కంప్యూటర్లు మొదటి లైనుకి, పేషెంట్ల వైఫై, కెమెరాలు రెండో లైనుకి. ఏది పోయినా అందరూ మిగిలిన దాని మీదికి వస్తారు. రెండు లైన్లకూ పని దొరికింది, లాగిన్లు తెగడం ఆగిపోయింది. నా మట్టుకు పదిమంది దాకా ఉన్న ఏ చోటైనా అసలు లోడ్ బ్యాలెన్సింగ్ కంటే ఇదే మేలు.

హాస్టళ్లు, పీజీలు: నిజమైన లోడ్ బ్యాలెన్సింగ్ ఇక్కడ అక్కరకొస్తుంది. యాభై ఫోన్లు, ఎవరి పని వారిది. ఈఆర్605 లేదా మైక్రోటిక్.

## పెట్టేటప్పుడు పట్టి ఆపేవి

రెండు కంపెనీల డబ్బాలూ 192.168.1.1 అనే అడ్రస్‌తోనే వస్తే మీ రూటర్‌కి రెండు వాన్‌లూ ఒకే నెట్‌వర్క్‌లా కనబడి తికమకపడుతుంది. ఒకదాన్ని 192.168.2.1కి మార్చి, మీ లోపలి నెట్‌వర్క్‌కి 192.168.10 లాంటిది ఇవ్వండి. కంపెనీ ఇచ్చిన డీఎన్ఎస్ ఆ కంపెనీ లైను నుంచి అడిగితేనే జవాబిచ్చే అవకాశం ఉంది, కాబట్టి ఏ లైను నుంచైనా పలికే పబ్లిక్ డీఎన్ఎస్ పెట్టండి. కొందరు లోకల్ కేబుల్ ఆపరేటర్లు పాత రూటర్ మ్యాక్ అడ్రస్‌కి (ఆ పరికరం గుర్తింపు నంబరుకి) లైను కట్టేస్తారు. కొత్త రూటర్‌లో ఆ మ్యాక్‌ని క్లోన్ చేయాలి, లేదా వాళ్లకు ఫోన్ చేసి మార్పించుకోవాలి. ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రస్‌లు) ఉన్న లైను పోయినప్పుడు ఫోన్లు కాసేపు పాత అడ్రస్‌లనే పట్టుకుని వేలాడుతుంటే, లోపలి నెట్‌వర్క్‌లో ఐపీవీ6 ఆపి చూడండి. చిన్న సెటప్‌లలో నేను మొదటే ఆపేస్తాను.

అంతా అయ్యాక పరీక్ష. రూటర్ నుంచి ఈథర్‌నెట్ కేబుల్ పీకి "మారింది కదా" అనుకుంటారు చాలామంది. అది తేలిక పరీక్ష, ప్రతి రూటర్ అందులో పాసవుతుంది. ఈథర్‌నెట్ అలాగే ఉంచి, ఫైబర్ డబ్బా వెనక నుంచి సన్నటి ఫైబర్ పిన్నును మెల్లగా తీయండి. కొనలోకి కళ్లు పెట్టి చూడకండి, దుమ్ము తగలనీయకండి, మడత పెట్టకండి. ఇప్పుడు ఫోన్‌లో వీడియో కాల్ నడుస్తుండగా సెకన్లు లెక్కపెట్టండి. తిరిగి గుచ్చాక మొదటి లైను మీదికి ఎప్పుడు వస్తోందో కూడా చూడండి. వెంటనే దూకేలా ఉంటే, లైను వస్తూ పోతూ ఉన్న రోజున నిమిషానికోసారి కాల్ తెగుతుంది. రెండు మూడు నిమిషాలు నిలకడగా ఉన్నాకే తిరిగొచ్చేలా పెట్టండి.

ఇదే పరీక్ష నెలకోసారి, సిమ్ రీచార్జ్ చేసిన రోజున. ఫెయిలోవర్ పని చేయలేదని నాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువసార్లు రూటర్‌లో తప్పేమీ లేదు, సిమ్ ప్లాన్ అయిపోయి ఉంది. ఇంకో సమస్య, మొదటి లైను పోయి నాలుగు రోజులైనా ఎవరూ గమనించకపోవడం. లైను మారినప్పుడు మెయిలో నోటిఫికేషనో వచ్చే సదుపాయం మీ రూటర్‌లో ఉంటే ఆన్ చేయండి. లేకపోతే రూటర్ పక్కన గోడ మీద ఒక చీటీ అంటించండి. మొదటి లైను కంపెనీ ఫోన్ నంబరు, మీ కస్టమర్ ఐడీ, సిమ్ రీచార్జ్ తేదీ. ఆ ల్యాబులో చీటీ ఇప్పటికీ ఉంది, రిసెప్షన్‌లో అమ్మాయి ప్రతి నెలా తేదీ కొట్టేసి కొత్తది రాస్తోంది.